ప్రెషర్ బాగుంది

ఆగస్టు 6, మంగళవారం

ల్యాబుల ఉండగా ఫోన్ వచ్చింది. కొత్త నంబర్. సాయి కంపెనీల పనిచేసే ప్రభాకర్ అట.

"మేడం, సాయి సార్ మిషన్ దగ్గర్నే పడిపోయిండు. గుండెపోటు అన్నరు. పటాన్‌చెరు హాస్పిటల్‌కు తీసుకొచ్చినం. సార్ ఫోన్‌ల 'ఇల్లు' అని మీ నంబరే ఉంటే చేసిన."

సాయితోని కాపురమున్న ఆ ఇంట్ల నేను లేక ఆరేండ్లయింది. పేరు మార్చుడు మర్చిపోయి ఉంటడు. మనిషే అంత, దేన్నీ మార్చడు.

పోకపోతే బాగుండదని పోయిన. బొల్లారం నుంచి షేర్ ఆటో, ఒకటే వాన. నేను పోయేసరికే స్టెంట్ వేసిన్రు. ఐసీయూ డాక్టర్ పేరు శ్రీవాణి, నా కంటె ఓ పదేండ్లు చిన్నది ఉంటది. "మూసుకుపోయిన నాళం తెరిచినమండి. కాని గుండె కండరం చాలా దెబ్బతిన్నది. రెండు మూడు రోజులు ఏం చెప్పలేం" అన్నది.

అద్దంలకెళ్ళి చూసిన. నోట్ల గొట్టం, మెడకు గొట్టం, చేతికి గొట్టం. గడ్డం నెరిసింది. ఎప్పుడు నెరిసిందో.

సామర్లకోటల ఉన్న వాళ్ళమ్మకు ఎవరు చెప్పాలె అని ప్రభాకర్ నా మొఖం చూసిండు. నేనే చేసిన. రేపు ఆమె వచ్చినంక నా పని అయిపోతది.

ఆగస్టు 7, బుధవారం

అత్తమ్మను లింగంపల్లి స్టేషన్ల దించుకున్న. బిడ్డ శ్రీదివ్యకు పురుడట, ఒక్కతే రైలెక్కి వచ్చింది. మామయ్య ఉన్నప్పుడు ముప్పై ఏండ్లు ఇక్కడి ఫ్యాక్టరీ క్వార్టర్స్‌ల కాపురం చేసిన మనిషి, కారు కిటికీల నుంచి చూసి, "ఇన్ని మేడలు ఎప్పుడు లేచాయమ్మా ఇక్కడ?" అన్నది. ఆరేండ్ల తర్వాత నా ఎదురుంగ ఆమె మొదటి మాట అది.

ఐసీయూలకు పొద్దునోసారి, సాయంత్రమోసారి పంపుతరు, ఒక్కరినే. అత్తమ్మకు లోపలికి పోవాలంటే భయం. నువ్వే వెళ్ళి చూసి చెప్పమన్నది. పోయిన. మణికట్టు కాడ నాళంలకు సన్న గొట్టం పెట్టిన్రు, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద ఎర్రటి అల లేస్తది. పక్కన ప్రెషర్ అంకె. సగటున అరవై ఐదుకు తగ్గొద్దని సిస్టర్ చెప్పింది. అరవై ఎనిమిది ఉన్నది.

"ఎలా ఉన్నాడమ్మాయ్?"

"ప్రెషర్ బాగుంది అత్తమ్మా."

ఆమె కండ్లు మూసుకొని దండం పెట్టుకున్నది. నాకు కూడ నిమ్మళమైంది. అంకె మంచిగుంటే మంచిగున్నట్టే కద. నా బతుకంత అంకెలతోనే పాయె.

అత్తమ్మకు ఈ ఊర్ల ఎవ్వరు లేరు కాబట్టి నా గదికే తీసుకొచ్చిన. మెట్లెక్కి ఆయాసపడ్డది. ఆమెకు మంచం, నాకు చాప. వేరే మనిషి ఊపిరి వినబడుతుంటే ఎట్లనో ఉన్నది.

ఆగస్టు 8, గురువారం

సగం పూట లీవు పెట్టిన. కారణం అడిగితే బంధువులకు బాలేదు అన్న.

పొద్దున తెర మీద డెబ్బై ఉన్నది. డాక్టర్‌తోని ఖుషీగ అన్న, ప్రెషర్ పెరిగింది కద అని. ఆమె ఒక స్టూలు లాగి కూసోమన్నది.

"మీరేం చేస్తరండి?"

"మందుల కంపెనీల క్వాలిటీ కెమిస్టుని."

"అయితే మీకు తొందరగ అర్థమైతది. ఈ డెబ్బై ఆయనది కాదు. మేమిచ్చే మందుది. ఆ మందు రక్తనాళాలను బిగబడుతది. బిగబడితే ప్రెషర్ నిలబడుతది. కాని కిడ్నీకి, మెదడుకు కావాల్సింది ప్రెషర్ ఒక్కటే కాదు, రక్తం పారాలె. గుండె నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తున్నదో ఇంకో అంకె చెప్తది. ఇగో, ఇది."

ఇంకో చిన్న తెర. నేను రెండు రోజుల నుంచి దాని దిక్కు చూడనే లేదు. రెండు పాయింట్ తొమ్మిది.

"ఎంత ఉండాలె?"

"ఆయన ఒడ్డూ పొడుగుకు ఐదు దగ్గర. అదే అల చూసి ఈ మిషన్ లెక్కకడుతది. స్కానింగ్ కూడ అదే చెప్పింది. నిండిన రక్తంల సగం పైన బయటికి తోయాలె గుండె. ఆయనది పావు వంతు కూడ తోస్తలేదు."

నాకు మంచిగనే అర్థమైంది. ల్యాబుల నా మిషన్‌ల ద్రావణం పారే గొట్టం, కాలమ్, జామైతే అంతే కద, తెర మీద ప్రెషర్ ఎక్కుతనే ఉంటది, అవతలి గొట్టంలకెళ్ళి చుక్క రాదు. కొత్తగ వచ్చిన పిల్లలు ప్రెషర్ ఉంది కద మేడం అంటే నేనే కోపం చేస్త. ఇక్కడ నేనే కొత్తపిల్లనైన.

అత్తమ్మ బెంచీ మీద సగ్గుబియ్యం జావ డబ్బా పట్టుకొని కూసున్నది. "ఇవాళ ఎంతమ్మాయ్?"

"డెబ్బై. నిన్నటి కంటె ఎక్కువ."

అబద్ధం కాదు.

ఆగస్టు 9, శుక్రవారం

శ్రావణ శుక్రవారం అని అత్తమ్మ తెల్లారంగనే తలస్నానం చేసి, నా షెల్ఫుల ఉన్న చిన్న పటం ముందట దీపం పెట్టింది. ఆ పటం అక్కడున్న సంగతే నాకు యాదికి లేదు. కుంకుమ పొట్లం కట్టుకున్నది. ఇవాళ నేను కూడ లోపలికి పోతా, వాడికి బొట్టు పెట్టాలి అన్నది.

పోయింది. నేను బయట నిలబడ్డ. తొందరగనే వచ్చింది. కూసోలే. నా ఎదురుంగ నిలబడి,

"ప్రెషరు బాగుందన్నావు కదమ్మా. కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. మోకాళ్ళ మీద నీలంగా మరకలు పడ్డాయి" అన్నది.

నేను నీళ్ళ సీసా కోసం సంచిల చెయ్యి పెట్టిన.

"నేను కన్నదాన్ని. నాకు దాచి ఏం చేద్దామని?"

"మీకు కాదు అత్తమ్మా" అన్న. ఆమెకు దాయలే. నాకే అట్ల చెప్పుకుంటున్న.

అప్పుడు మొత్తం చెప్పిన. మందు సంగతి, పారే రక్తం సంగతి, పావు వంతు సంగతి. మధ్యల ఆపకుండ విన్నది. అంతా అయినంక, "ఇకనుంచి రెండో అంకె చెప్పు. తక్కువైనా అదే చెప్పు" అన్నది. పొట్లంల మిగిలిన కుంకుమ నా నొసటికి పెట్టింది. నేను వద్దనలే.

ఆగస్టు 10, శనివారం

మూడు. సున్న పాయింట్ ఒకటి పెరిగింది. దాన్ని పెరిగిందనొద్దట.

ఇవాళ నేనున్నప్పుడే మంచం వంచి, తల దించి, కాళ్ళు పైకి లేపిన్రు. కాళ్ళల్ల ఉన్న రక్తం గుండెకు పోతే పారుడు పెరుగుతదా అని చూస్తరట. పెరిగితే సెలైన్ ఎక్కిస్తరు. పెరగలే. "నీళ్ళు తక్కువై కాదు. గుండెకే సత్తువ లేదు. ఇంక సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తులల్ల చేరుతది" అన్నది డాక్టర్. గుండె గట్టిగ కొట్టుకునే ఇంకో మందు పెంచిన్రు.

పోయే ముందు నాకు ఒకటి చూపించింది. "వేలి గోరు గట్టిగ నొక్కి వదలండి. తెల్లగైతది. మళ్ళ గులాబీ రంగు ఎంత తొందరగ వస్తే రక్తం అంత మంచిగ పారుతున్నట్టు. మిషన్ లేకుండ మేం చూసుకునే లెక్క ఇది. మీరు కూడ చూడొచ్చు."

నొక్కిన. వదిలిన. తెల్లగనే ఉన్నది, శానాసేపు. ఆఖరికి కొంచెం రంగు వచ్చింది.

ఇంకో వేలు చూసిన. ఆ తర్వాత ఇంకోటి. సిస్టర్ టైమైంది అన్నదాక అన్నీ చూసిన. పరీక్ష కోసమే పట్టుకున్న. చూపుడువేలు మీద లేత్ మిషన్ కోసిన మచ్చ అట్లనే ఉన్నది.

ఆగస్టు 11, ఆదివారం

పొద్దున రెండు పాయింట్ ఎనిమిది. మూత్రం తగ్గింది.

డాక్టర్ శ్రీవాణి మా ఇద్దరినీ లోపలి గదికి పిలిచింది. రేపటి వరకు పారుడు పెరగకపోతే సిటీల పెద్ద హాస్పిటల్‌కు పంపాలె, అక్కడ గుండె పనిని కొన్నాళ్ళు మిషన్ చేస్తది. కాని ఈ మందులన్నీ పెట్టుకొని అంబులెన్స్‌ల పోవుడే గండం. దారిల ఏమన్నా కావొచ్చు. "భార్యగ మీరు ఒప్పుకోవాలె. ఆలోచించుకోండి" అన్నది.

మా అన్న అమర్ సంగారెడ్డి నుంచి ఫోన్ చేసిండు. దుకాణంల బేరం నడుస్తున్నట్టుంది, వెనక నుంచి కందులు మక్కలు అని వినబడుతున్నది. "స్నేహా, నీకెందుకు ఈ పరేషాన్? రేపు ఏమన్నా అయితే నీ మీదికే వస్తది. వాళ్ళవాళ్ళను చూసుకోమను" అన్నడు. తప్పేం లేదు అన్న మాటల. నేను కూడ మంగళవారం అట్లనే అనుకున్న.

అత్తమ్మ బెంచీ మీద అడిగింది. "అసలు మీ ఇద్దరికీ గొడవేంటమ్మాయ్?"

"గొడవేం లేదు అత్తమ్మా."

"మరి?"

"కంపెనీల ఆడిట్ ఉండె. పొద్దుగాల పోవాలె, చీకటి పడ్డంక రావాలె. వెలిమెల ఇంటి నుంచి దూరమని కంపెనీ బస్సు ఆగేకాడ గది తీసుకున్న. ఆడిట్ అయిందాక అని చెప్పిన. సరే అన్నడు."

"అయిపోయిందా?"

"అయింది. రమ్మంటడేమో అని చూసిన. తనే వస్తదేమో అని మీ అబ్బాయి చూసిండేమో. తెల్వది."

అత్తమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంట కూసున్నది. "గొడవైతే వచ్చి ఇద్దరికీ నాలుగు పెట్టేదాన్ని. ఏమీ లేనిదాన్ని ఏం సర్దను?" అన్నది.

సాయంత్రం పోయి డాక్టర్‌కు చెప్పిన. పంపాల్సొస్తే పంపుండి, నేను అంబులెన్స్‌ల కూసుంట అని.

ఆగస్టు 12, సోమవారం

మూడు పాయింట్ రెండు. గంటకోసారి చూసిన్రట, దిగలే. ఇంకో పూట ఆగుదాం అన్నది డాక్టర్. అంబులెన్స్ వాపస్ పంపిన్రు.

సాయంత్రానికి మూడు పాయింట్ ఐదు.

గోరు తొందరగ ఎర్రబడుతున్నది. నేను అనుకుంటున్ననా, నిజమేనా అని అత్తమ్మను కూడ చూడమన్న. ఆమె గోరు సంగతి విడిచిపెట్టి పాదాలు పట్టుకున్నది. బయటికొచ్చి, "చల్లదనం తగ్గింది" అన్నది.

ఆగస్టు 13, మంగళవారం

నాలుగుకు జెర తక్కువ. ల్యాబుకు పోయిన. శాంపిల్ రెండుసార్లు పాడు చేసిన.

ఆగస్టు 15, గురువారం

నాళాలు బిగబట్టే మందు కొంచెం కొంచెం దించుతున్నరు. దించిన ప్రతిసారి ప్రెషర్ పడిపోతది, అందరు తెర దిక్కే చూస్తరు, మళ్ళ మెల్లగ లేస్తది. ఇవాళ పొద్దున అరవై మూడుకు దిగింది. డాక్టర్ మందు ముట్టుకోలే. "ఆగుదాం. పారుడు మంచిగుంది, కాళ్ళు వెచ్చగున్నయ్. గుండెనే ఎత్తుకోనిద్దాం" అన్నది.

ఎత్తుకున్నది. అరవై ఆరు. ఇది మందుది కాదు. సాయిదే.

హాస్పిటల్ ముందట జెండా ఎగరేసి మిఠాయి పంచుతున్నరు. అత్తమ్మ రెండు తీసుకొని నాకొకటి ఇచ్చింది. ఇద్దరం నిలబడే తిన్నం.

ఆగస్టు 17, శనివారం

గొట్టం తీసిన్రు.

నేను లోపలికి పోయేసరికి కండ్లు తెరిచే ఉన్నడు. నన్ను చూసిండు. ఆశ్చర్యపడలే. నేను ఏమేమో అనుకొని పోయిన. గొంతు బొంగురుగ, గాలి లెక్క,

"డ్యూటీ లేదా?" అన్నడు.

"లేదు" అన్న.

కండ్లు మూసుకున్నడు. చెయ్యి మంచం పక్కకు జారి ఉన్నది. ఇప్పుడు గోరు నొక్కి చూసే అవసరం లేదు. పట్టుకునేందుకు నాకు వంక దొరకలే. దుప్పటి సరిచేసి వచ్చిన.

ఆగస్టు 21, బుధవారం

వార్డుకు మార్చిన్రు. డ్యూటీ నుంచి నేరుగ పోతున్న. అత్తమ్మ నేను రాంగనే ఏదో ఒక పని చెప్పుకొని బయటికి పోతది. ఆమె పోయినంక ఇద్దరం కిటికీల నుంచి హైవే మీద లారీలను చూస్తం. అవి కూడ లేకుంటే ఏం చేద్దుమో.

ఇవాళ మళ్ళ స్కానింగ్ తీసిన్రు. మూడో వంతు తోస్తున్నది గుండె. ఇంకొంచెం పెరగొచ్చు, పెరగకపోవచ్చు. ఉప్పు తగ్గించాలె, బరువులు ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు. డాక్టర్ చెప్తుంటే సాయి నా దిక్కు చూసిండు, నేను వింటున్ననా అని. వింటున్న.

శనివారం డిశ్చార్జ్. సామర్లకోట తీసుకుపోత అన్నది అత్తమ్మ. మంచిదే. అక్కడైతే చూసుకునేటోళ్ళు ఉంటరు. నేను పొద్దుగాల పోతే చీకటి పడ్డంకనే వస్త. అన్ని విధాల అదే మంచిది.

ఆగస్టు 23, శుక్రవారం

అడిగిన.

అడుగుతననుకోలే. బత్తాయి ఒలుస్తుంటే నోట్లకెళ్ళి వచ్చింది. "నా దగ్గరికి రారాదు?"

చేతిల తొన అట్లనే పట్టుకున్నడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే. రేపు."

శానాసేపు లారీలను చూసిండు.

"బాగున్నప్పుడు నువ్వు రాలేదు. నేనూ పిలవలేదు. ఇప్పుడొస్తే నువ్వు పేషెంటును తీసుకెళ్ళినట్టుంటుంది స్నేహా. మందులు టైముకిస్తావు, ప్రెషరు చూస్తావు. అన్నీ కరెక్టుగా చేస్తావు, నాకు తెలుసు. నాకు అదే భయం."

"ఏం భయం?"

"నేను లేచి తిరిగే రోజు నీకు మళ్ళీ ఆడిటొస్తుంది."

కోపంగ అనలే. కోపంగ అంటే నేను కూడ ఏదన్న అందును. బత్తాయి తొక్కలు కాగితంల చుట్టి డబ్బాల ఏసి వచ్చిన.

ఆగస్టు 24, శనివారం

ప్రభాకర్ కారు మాట్లాడిండు. సాయి వెనక సీట్ల, దిండు ఆనుకొని. అత్తమ్మ పక్కన. కారు కదిలేముందు ఆమె నా చెంప మీద చెయ్యి పెట్టింది. సాయి "వెళ్ళొస్తా" అన్నడు. అందరు అట్లనే అంటరు.

గదికొచ్చిన. అత్తమ్మ సగం నిమ్మకాయ, చారుపొడి డబ్బా విడిచిపెట్టి పోయింది. మంచం ఖాళీగనే ఉన్నది, అయినా చాప మీదనే పండుకున్న.

ఆగస్టు 28, బుధవారం

డ్యూటీ.

సెప్టెంబర్ 3, మంగళవారం

అత్తమ్మ చేసింది. అన్నం తింటున్నడట, అరుగు వరకు నడుస్తున్నడట. కాళ్ళు వెచ్చగున్నయా అని అడిగిన. "ఉన్నాయమ్మా, నువ్వెలా ఉన్నావు?" అన్నది. మంచిగున్న అన్న.

ఫోన్ పెట్టేసినంక నా గోరు నేనే నొక్కి చూసుకున్న. పిచ్చి.

సెప్టెంబర్ 11, బుధవారం

అన్న ఇంటికి పోయిన, రమ్మంటే. వదిన మంచిగ చూసుకున్నది. ఆ సంగతి ఒడిసిపోయింది కద, ఇంక విడాకులు తీసుకో, ఎన్నేండ్లు ఇట్ల అన్నడు అన్న. తీసుకోను అని చెప్పిన. ఎందుకు అన్నడు. ఆ రోజు నేను హాస్పిటల్‌కు పోయింది, పోకపోతే బాగుండదని కాదు అని చెప్పిన. ఆయనకు సమజ్ కాలే. నేను చెప్పింది నాకే.

ఆగస్టుల ఆ మంగళవారం ప్రభాకర్ ఫోన్ వచ్చినప్పుడు చేతిల ఉన్న సీసా టేబుల్ మీద పెట్టినట్టు నాకు గుర్తు లేదు. అది పగిలిందని తర్వాత ల్యాబు పిల్లలు చెప్పిన్రు. అది ఈ డైరీల రాయలే.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ఫోన్ తీసి సాయి నంబర్ దాక పోయిన. ఏమని చెయ్యాలె. మందులేసుకున్నవా అని అడిగితే సిస్టర్ అడిగినట్టుంటది. ఇంకేం అడగాలో నాకు రాదు. పెట్టేసిన.

సెప్టెంబర్ 29, ఆదివారం

బట్టలు ఆరేస్తుంటే అత్తమ్మ ఫోన్.

"అమ్మాయ్, మీ ఇంటి ఓనరమ్మ వాళ్ళ కింద వాటా ఎప్పుడైనా ఖాళీ అవుద్దా?"

"ఎందుకత్తమ్మా? ఎవరికి?"

"ఎవరికేంటి. వచ్చే నెల నుంచి చిన్న పనులు చేసుకోవచ్చన్నారంట, వీడు కంపెనీకి ఫోన్ చేసి కూర్చునే పని అడిగాడు. ఇచ్చారు. వెలిమెల ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు సరిగ్గా ఉండదు, అక్కడొద్దంటున్నాడు. నీ మెట్లు ఎలా ఉంటాయని నన్నడిగాడు. నాకే ఆయాసమొచ్చింది అన్నాను. అయితే కింద ఉందేమో కనుక్కో అన్నాడు."

నేను తాడు పట్టుకొని నిలబడ్డ.

"తనే అడగొచ్చు కద."

"అదే నేనూ అన్నాను. ఇక్కడే కూర్చున్నాడు. ఫోనిస్తానంటే వద్దని చెయ్యూపుతున్నాడు" అని, అటు తిరిగి, "ఏరా, ఇంకా ఎన్నాళ్ళు నన్ను తిప్పుతావు?" అన్నది. ఏదో నెమ్మదిగ అన్నడు. నాకు వినపడలే.

కిందికి పోయిన. ఇంటి ఓనర్ మొగులమ్మ వాకిట్ల కూసొని చిక్కుడుకాయలు తుంచుతున్నది.

"మొగులమ్మా, కింద పోర్షనోళ్ళు ఖాళీ చేస్తరా?"

"దసరా అయినంక పోతమన్నరు. ఎవలికి బిడ్డా?"

"మా ఆయనకు మెట్లెక్కొద్దన్నరు. మేమిద్దరం ఉంటం."

ఆమె చిక్కుడుకాయ తుంచుడు ఆపి నన్ను కిందికెళ్ళి మీదిదాక చూసింది. "గప్పటిదాక ఆగుతవా మరి?" అన్నది.

"ఆగుత" అన్న.

మెట్లెక్కి పైకొచ్చిన. బట్టలు సగం బకెట్లనే ఉన్నయ్. ఫోన్ చేసిన. అత్తమ్మకు కాదు, సాయికి.

ఎత్తిండు.